వెలి నుంచి వీడ్కోలు దాకా: ఆధునిక ఆలోచన, విశ్వాసం, సంఘం

1656 జూలై 27న ఆమ్‌స్టర్‌డామ్‌లోని పోర్చుగీసు యూదుల సమాజం బారూక్ స్పినోజా అనే ఇరవై మూడేళ్ల యువకుణ్ణి వెలివేసింది. అతనితో ఎవరూ మాట్లాడకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, అతను రాసింది చదవకూడదు. అప్పటికి అతను ఒక్క పుస్తకమైనా అచ్చువేయలేదు. ఆ రోజుల్లో వెలిపడ్డవాళ్లు పశ్చాత్తాపం ప్రకటించి తిరిగి వచ్చేవాళ్లు, లేకపోతే మరో మతంలో చేరేవాళ్లు. స్పినోజా ఈ రెండూ చెయ్యలేదు. కటకాలు సానపట్టుకుంటూ, ఏ మత సమాజానికీ చెందకుండానే చివరిదాకా బతికాడు. అలా బతకవచ్చునన్న సంగతే యూరప్‌కు కొత్త.

1945లో న్యూయార్కులో సనాతన రబ్బీల సంఘం రబ్బీ మొర్దెకై కాప్లాన్‌ను వెలివేసింది. ఆయన కూర్చిన ప్రార్థనల పుస్తకాన్ని అక్కడే తగలబెట్టారు. కానీ కాప్లాన్ కొలువు పోలేదు, ఇల్లు పోలేదు, స్నేహితులు తలుపు వెయ్యలేదు. తాను పాఠాలు చెబుతున్న యూదు మత విద్యాలయంలోనే 1963 దాకా కొనసాగాడు. స్పినోజాను ఊరి నుంచి, బంధువుల నుంచి, వ్యాపారం నుంచి విడదీయగలిగిన శిక్ష మూడు శతాబ్దాలు తిరగకుండానే ఉత్త కాగితమైపోయింది.

ఆధునిక ఆలోచన మతాన్ని ఏం చేసిందన్న చర్చ మన దగ్గర ఎక్కువగా దేవుడున్నాడా లేడా అన్న వాదం దగ్గరే ఆగిపోతుంది. అసలు మార్పు అక్కడ జరగలేదని నా అభిప్రాయం. ఈ మూడున్నర శతాబ్దాల్లో మనుషులు నమ్మకాన్ని పోగొట్టుకున్నదానికంటే నలుగురితో కలిసి నమ్మడాన్ని ఎక్కువగా పోగొట్టుకున్నారు. ఆధునికతా, దాని తర్వాత వచ్చిన ఆధునికోత్తర ధోరణీ ఈ రెంటినీ వేరువేరుగా తాకాయి. తాకిన తీరు యూరప్‌లో ఒకటి, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మరొకటి.

యూరప్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1755 నవంబరు 1న, సర్వ పరిశుద్ధుల పండుగనాడు, జనం చర్చిల్లో ఉండగా లిస్బన్‌లో భూకంపం వచ్చింది. దేవుడు కరుణామయుడన్న మాటను వోల్టేర్ వంటివాళ్లు ఆ శిథిలాల మధ్య నిలబెట్టి ప్రశ్నించారు. 1784లో కాంట్ సొంత బుద్ధిని వాడే ధైర్యమే జ్ఞానోదయమని రాశాడు. 1835లో డేవిడ్ స్ట్రాస్ యేసు జీవిత కథను చరిత్రకారుడి కంటితో విడదీసి చూశాడు. 1859లో డార్విన్ వచ్చాడు. 1882లో నీషే, దేవుణ్ణి మనమే చంపామని సంత మధ్యలో అరిచే ఒక పిచ్చివాడి కథ రాశాడు. ఆ కథలో సంతలోని వాళ్లు కూడా అప్పటికే దేవుణ్ణి నమ్మడం మానేసినవాళ్లే. ఏం పోగొట్టుకున్నారో వాళ్లకు తెలియకపోవడమే ఆ పిచ్చివాడి గోడు.

ఈ పుస్తకాలు ఒక్కో ఇంట్లో ఏం చేశాయో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. స్ట్రాస్ పుస్తకాన్ని 1846లో ఇంగ్లీషులోకి తెచ్చినావిడ మేరీ ఆన్ ఇవాన్స్, తర్వాత జార్జ్ ఇలియట్ పేరుతో నవలా రచయిత్రిగా ప్రసిద్ధురాలైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1842లో, ఇక చర్చికి రానని ఆమె తండ్రితో చెప్పేసింది. తండ్రి ఇల్లే ఎత్తేస్తానన్నంత దూరం పోయాడు. కొన్ని నెలల తర్వాత రాజీ కుదిరింది. ఆమె చర్చికి వస్తుంది, అక్కడ కూర్చుని తన ఆలోచనలు తాను ఆలోచించుకుంటుంది. నమ్మకం పోయినా నాన్న పక్కన ఆ బల్ల మీద చోటు మిగిలింది. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో లక్షల మంది పరిస్థితి ఇదేననుకుంటాను. వాళ్లను చర్చికి తెచ్చింది వాదం కాదు. ఆ ఊరు, ఆ ఇల్లు.

ఈ సంగతిని శాస్త్రంగా చెప్పినవాడు ఎమిల్ దుర్ఖైమ్. ఆయన ఒక రబ్బీ కొడుకు, తాను మాత్రం నమ్మినవాడు కాదు. ఆస్ట్రేలియా ఆదిమ తెగల ఆచారాల గురించి వచ్చిన రాతలను ఆధారం చేసుకుని 1912లో ఆయన వెలువరించిన గ్రంథం ప్రకారం, మతం అంటే ముందు కూడిక. జనం ఒకచోట చేరి ఆడి పాడినప్పుడు తమను మించిన శక్తి ఒకటి తమను తాకినట్టు అనిపిస్తుంది. ఆ అనుభవం నిజమైనది, ఆ శక్తి పేరు సమాజం. మాక్స్ వేబర్ దృష్టి మరోలాంటిది. 1917లో మ్యూనిక్‌లో విద్యార్థులకు ఇచ్చిన ఉపన్యాసంలో, లెక్కకట్టి సాధించలేనిదేదీ లేదనుకునే కాలంలో లోకం తన మహిమను పోగొట్టుకుంటుందని చెప్పాడు. వేబర్ చెప్పింది తలలో జరిగే నష్టం, దుర్ఖైమ్ చెప్పింది వీధిలో జరిగే నష్టం. తర్వాతి తరాల పండితులు ఎక్కువమంది వేబర్ వెంట నడిచారు. నాకు మాత్రం దుర్ఖైమ్ మాటే ఎక్కువ కాలం నిలిచిందనిపిస్తుంది.

వేబర్ దారిన నడిచినవారిలో పీటర్ బెర్గర్ ముఖ్యుడు. ఇరవై ఒకటో శతాబ్దానికి విశ్వాసులు చిన్న చిన్న గుంపులుగా మాత్రమే మిగులుతారని 1968లో ఆయన ఒక పత్రికతో అన్నాడు. 1999 నాటికి ఆ మాటను తానే వెనక్కి తీసుకున్నాడు. పశ్చిమ యూరప్‌నూ విశ్వవిద్యాలయాల మేధావులనూ మినహాయిస్తే ప్రపంచం ఎప్పటిలాగే మతపరంగా ఉందని ఒప్పుకున్నాడు. మాట మార్చుకునే నిజాయితీ పండితుల్లో అరుదు, ఆ గౌరవం ఆయనకు దక్కాలి. అయితే ఆయన మినహాయించిన పశ్చిమ యూరప్‌లో పతనం ఆగలేదు. ఇంగ్లండు, వేల్స్ జనాభా లెక్కల్లో తాము క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 2001లో 71.7 శాతం, 2021లో 46.2 శాతం. ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం. వీళ్లలో ఎందరు స్ట్రాస్‌ను చదివి ఉంటారు? చదివి మానేసినవాళ్లకంటే, వాన పడుతున్న ఒక ఆదివారం వెళ్లలేదు, తర్వాతి ఆదివారమూ వెళ్లలేదు, ఎవరూ ఎందుకు రాలేదని అడగలేదు, అలా మానేసినవాళ్లే ఎక్కువ.

మత మౌలికవాదం కూడా ఆధునికత బిడ్డేనని ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1910, 1915 మధ్య అమెరికాలో అచ్చైన 'ఫండమెంటల్స్' సంపుటాల నుంచే ఫండమెంటలిజం అన్న పేరు వచ్చింది. పవిత్ర గ్రంథంలోని ప్రతి వాక్యాన్నీ ప్రయోగశాలలో తేలిన నిజంలా చదవాలన్న పట్టుదల పాతకాలపు భక్తుల్లో అంతగా కనిపించదు. సైన్సుతో పోటీపడాలనుకున్నప్పుడు వచ్చిన అలవాటది.

మన దేశానికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. యూరప్‌లో ఆధునికత పాత సంఘాల్ని కరిగించింది. ఇక్కడ అది కొత్త సంఘాల్ని కట్టింది, అదీ అంతవరకు ఏ సంఘంలోనూ గౌరవంగా చోటు దొరకనివాళ్లకు.

1876లో మొదలై 1878 దాకా సాగిన కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లు విడివిడిగా సత్యాన్వేషణ చేసి వచ్చినవాళ్లు కారు. పల్లెలకు పల్లెలు పెద్దల మాట మీద కదిలి వచ్చాయి. వ్యక్తి ఒంటరిగా ఎంచుకున్నదే నిజమైన విశ్వాసమని భావించే ఆధునిక మనసుకు ఇది మింగుడుపడదు. 1930లలో గాంధీకీ దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యకూ మధ్య వచ్చిన విభేదం ఈ చోటే. గాంధీకి మతం లోపలి వ్యవహారం. అజరయ్యకు అది పల్లె మొత్తం తలెత్తుకునే మార్గం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య దోర్నకల్‌లో కట్టించిన కథీడ్రల్ 1939లో పూర్తయింది. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన ఆ కట్టడాన్ని చూస్తే ఆయన ఎలాంటి సంఘాన్ని కోరుకున్నాడో అర్థమవుతుంది. ఈ వివాదంలో నేను అజరయ్య పక్షమే. ఊరుమ్మడిగా అవమానం పడ్డవాళ్లను, విముక్తి మాత్రం ఒక్కొక్కరే వెతుక్కోండి అనడం న్యాయం కాదు.

1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేడ్కర్ చేసిందీ ఇలాంటిదే, అయితే ఆధునిక బుద్ధితో. బౌద్ధాన్ని ఆయన చదివి, వడపోసి, తర్కానికి నిలవని కథల్ని పక్కనపెట్టి తీసుకున్నాడు. అంత పని ఒక పండితుడిగా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. కానీ ఆయన లక్షల మందితో ఒకే మైదానంలో ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించాడు.

నాస్తికుడికీ సంఘం కావాలని చూపించినవాడు మన గోరా. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతీ గోరాతో కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు చేరింది. అక్కడ ఉపన్యాసాలకంటే ఎక్కువగా జరిగింది సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు. కూతురు మనోరమకు దళిత యువకుడితో గాంధీ సమక్షంలో జరగాల్సిన పెళ్లి, ఆయన హత్య తర్వాత 1948 మార్చిలో సేవాగ్రాంలో జరిగింది. కొడుకు లవణం మహాకవి జాషువా కుమార్తె హేమలతను చేసుకున్నాడు. ఆ దంపతులు తర్వాత స్టూవర్టుపురంలోనూ, జోగినుల మధ్యా చేసిన పని తెలుగువాళ్లకు తెలిసిందే. పెళ్లికీ చావుకీ పక్కన నిలబడే మనుషులు లేకుండా నాస్తికత్వం కూడా ఒక తరం దాటదని గోరా గుర్తించాడు. వాదంలో మాత్రమే నాస్తికులైన ఎందరో మేధావులు కొడుకు పెళ్లి నాటికి పురోహితుణ్ణి పిలవక తప్పలేదు.

ఆధునికత ఇక్కడ చేసిన నష్టం వేరే దిక్కున ఉంది. అది మతాల మధ్య గట్లు వేసింది. 1871-72 నుంచి మొదలైన జనాభా లెక్కలు ప్రతి మనిషినీ నీ మతమేదని అడిగి ఒక్క గడిలోనే రాసుకున్నాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పీర్ల పండుగకు వచ్చే జనం ఆ గడుల్లో ఇమడరు. మొహర్రంలో పీర్లను మోసేవాళ్లలో, మొక్కు చెల్లించేవాళ్లలో హిందువులు ఎక్కువ. కవి అఫ్సర్ ఆ ఊరి గురించి 2013లో ప్రచురించిన పరిశోధన గ్రంథంలో, ఇది అసలైన ఇస్లాం కాదనే సంస్కర్తల ఒత్తిడినీ, దాని మధ్య ఊరివాళ్లు తమ భక్తిని నిలుపుకునే తీరునూ రాశాడు. సంస్కరణ అంటే నాకు వ్యతిరేకత లేదు. 1929లో మద్రాసు నుంచి హైదరాబాదు దాకా ఇక్బాల్ ఇచ్చిన ఉపన్యాసాలు, ఇస్లాం తన ఆలోచనను మళ్లీ నిర్మించుకోవాలని కోరిన గొప్ప ప్రయత్నం. కానీ రెండు వైపులా శుద్ధి కోరే చేతులు గూగూడు మీద పడినప్పుడు పోయేది సిద్ధాంతం కాదు. పీరు ముందు పక్కపక్కన నిలబడే రెండు కుటుంబాల చుట్టరికం పోతుంది.

ఆధునికోత్తర ఆలోచనకు వచ్చేముందు మదనపల్లెలో పుట్టిన ఒక తెలుగువాణ్ణి తలుచుకోవాలి. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఒమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పుట్టిన సంస్థను జిడ్డు కృష్ణమూర్తి తానే రద్దు చేశాడు. సత్యాన్ని సంస్థగా కట్టలేమన్నది ఆయన వాదం. పెద్ద కథల మీద, మధ్యవర్తుల మీద అపనమ్మకం ప్యారిస్ తత్త్వవేత్తలకంటే యాభై ఏళ్ల ముందే ఆయనలో ఉంది. ఆ రోజు అక్కడ కూర్చున్న వేలమంది అనుచరుల్లో కొందరు తమ ఆస్తుల్ని, జీవితాల్ని ఆ సంస్థకే ఇచ్చినవాళ్లు. కృష్ణమూర్తి ధైర్యానికి నమస్కరిస్తూనే, ఆ సాయంత్రం వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లి ఉంటారన్న ప్రశ్నను నేను వదులుకోలేను. అటు తర్వాత ఆయన బోధన చుట్టూ బడులు, ఫౌండేషన్లు పుట్టాయి. అవి లేకుంటే ఆ మాట ఇంతమందికి చేరేది కాదు.

1979లో జాన్ ఫ్రాన్స్వా లియోతార్, కెనడాలోని క్యుబెక్ ప్రభుత్వ మండలి కోరిక మీద విజ్ఞానం స్థితి గురించి ఒక నివేదిక రాశాడు. మానవజాతి మొత్తానికి ఒకే దారి చూపే మహాకథనాల మీద నమ్మకం పోవడమే ఆధునికోత్తర స్థితి అని అందులో నిర్వచించాడు. మొదట చాలామంది మత పండితులు దీన్ని మరో దాడి అనుకున్నారు. కానీ ఆ మహాకథనాల్లో సైన్సూ, ప్రగతీ, మార్క్సిజమూ కూడా ఉన్నాయి. రెండు వందల ఏళ్లుగా మతాన్ని నిలదీసిన న్యాయమూర్తినే ఇప్పుడు బోనెక్కించారు. ఇటలీ తత్త్వవేత్త జాన్ని వాత్తిమో, బలమైన సత్యాలు సడలిపోవడం వల్లే తాను చిన్ననాటి క్రైస్తవానికి తిరిగి రాగలిగానని 1996లో రాశాడు. వేదాంతి జార్జ్ లిండ్‌బెక్ 1984లో, మతాన్ని ఒక భాషలా చూడాలన్నాడు. ముందు ఆ భాష మాట్లాడేవాళ్ల మధ్య పెరగాలి, అనుభవం తర్వాత వస్తుంది. తత్త్వవేత్త చార్లెస్ టేలర్ 2007లో వచ్చిన పెద్ద గ్రంథంలో ఒక్క ప్రశ్న వేసుకున్నాడు. 1500లో దేవుణ్ణి నమ్మకపోవడం దాదాపు అసాధ్యం. 2000 నాటికి నమ్మడం అనేక వికల్పాల్లో ఒకటి ఎలా అయింది? నా లెక్కలో ఈ మొత్తం చర్చకు కీలకం ఇదే. ఇప్పుడు నమ్మేవాడు కూడా, పక్కింట్లో నమ్మకుండా హాయిగా బతుకుతున్నవాణ్ణి చూస్తూనే నమ్ముతాడు.

ఆధునికోత్తర ధోరణి మనకు మేలు చేసింది, దాన్ని దాచకూడదు. తెలుగులో 1980, 90లలో వచ్చిన అస్తిత్వ ఉద్యమాలు, 'నీలిమేఘాలు', 'చిక్కనవుతున్న పాట', 'జల్జలా' వంటి సంకలనాలు, అందరి పేరుతో కొందరే మాట్లాడుతున్నారని తేల్చి చెప్పాయి. బెంగళూరులో అరవింద్ నిర్మల్ 1981లో తెరిచిన దళిత వేదాంత చర్చ, చర్చి లోపలి కులాన్ని చర్చి ముందే పెట్టింది. అన్ని కాలాలకూ ఒకే వేదాంతం చాలదని, గోచి పాత కట్టుకున్నవాడి నోట దేవుడి మాట వేరుగా వినిపిస్తుందని అది చెప్పింది.

అయితే ఈ దారి చివర ఒక ప్రమాదం ఉంది. ఎవరి కథ వాళ్లదే, ఏ కథా మరో కథ కన్నా సత్యం కాదంటే, 1985 జూలై 17న కారంచేడులో దళితుల మీద జరిగిన హత్యాకాండ కూడా రెండు కథల్లో ఒకటిగా మిగులుతుంది. ఆ రోజు ఊరు విడిచి పారిపోయిన దళితులు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు, అక్కడి శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. వాళ్లు మా కథ కూడా వినండి అనలేదు. జరిగింది నిజమని, అది అన్యాయమని అన్నారు. ఆ మాట నిలబడాలంటే అందరికీ వర్తించే సత్యం, అందరికీ వర్తించే న్యాయం ఉండితీరాలి. మా సత్యం మాది, మీరెవరు ప్రశ్నించడానికి అనే మాటను ఇవాళ మత రాజకీయాలు ఎంత హాయిగా వాడుకుంటున్నాయో చూస్తుంటే నాకు భయమేస్తుంది.

సంఘం విషయంలో ఆధునికోత్తర కాలపు గుర్తు వీడ్కోలు. వెలివేయడానికి ఎవరూ లేరు, మనిషే మెల్లగా తప్పుకుంటాడు. 1985లో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బెల్లా బృందం అమెరికా మీద రాసిన పుస్తకంలో షీలా అనే మారుపేరుతో ఒక నర్సు కనిపిస్తుంది. దేవుడున్నాడని నమ్ముతుంది, చర్చికి వెళ్లదు, తన మతానికి తన పేరే పెట్టుకుంది. గ్రేస్ డేవీ 1994లో బ్రిటన్ గురించి చెప్పిందీ అదే, విశ్వాసం ఉంది, చేరిక లేదు. దైవం లేని వాళ్లకోసం 2013 జనవరిలో లండన్‌లో ఆదివారపు సభలు మొదలుపెట్టారు. పాటలు, ప్రసంగం, టీ, అన్నీ చర్చిలోలాగే. పలు దేశాలకు పాకినా తొలి ఉత్సాహం నిలవలేదు. నచ్చినన్నాళ్లు రావచ్చు అనే చోటికి జ్వరమొచ్చినవాడి కోసం రాత్రి మేలుకునే మనుషులు అంత తేలిగ్గా పోగవ్వరు.

మన దగ్గరా ఆ గాలి వీస్తోంది. 2020లో కోవిడ్ వల్ల మార్చి చివర నుంచి జూన్ దాకా తిరుమలలో భక్తులకు దర్శనం లేదు, స్వామి సేవలు ఏకాంతంగా జరిగాయి. ఆగస్టు నుంచి ఇంట్లో తెర ముందు కూర్చుని కళ్యాణోత్సవంలో పాల్గొనే ఏర్పాటు వచ్చింది. నడవలేని వృద్ధులకు అది వరమే. కానీ కాలినడక మెట్ల మీద ఎవరో తెలియని మనిషి చెయ్యి అందించడం ఆ తెరలో లేదు. దీనికి ఎదురుదిక్కున వెళ్లినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో 1970లలో వేంకటేశ్వరాలయం కట్టుకున్న తరం, ఊళ్లో పుట్టుకతో దొరికిన దాన్ని అక్కడ చందాలతో, కమిటీలతో, వారాంతపు పాఠాలతో కట్టుకోవాల్సి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి పండుగకు ఊరి ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. ఎక్కడెక్కడి ఉద్యోగస్తులో సెలవు పెట్టి వస్తారు, వాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లూ ఉంటారు. వాళ్లను చూస్తే జార్జ్ ఇలియట్ రాజీ గుర్తొస్తుంది.

సంఘం లేకుండా నమ్మకం నిలుస్తుందా అన్న ప్రశ్నకు ఇంగ్లండు మిషనరీ లెస్లీ న్యూబిగిన్ అనుభవం చాలా దగ్గరిది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆయన దాని తొలి బిషప్పుల్లో ఒకడు, తర్వాత మద్రాసు బిషప్. 1974లో ఇంగ్లండు తిరిగి వెళ్లి, తాను సువార్త చెప్పాల్సిన దేశం తన దేశమేనని గుర్తించాడు. బర్మింగ్‌హామ్‌లో జైలు ఎదుట ఉన్న ఒక పేద పేటలో చిన్న సంఘానికి కాపరిగా పనిచేశాడు. 1989 నాటి పుస్తకంలో ఆయన తేల్చింది, అనేక నమ్మకాల మధ్య ఒక నమ్మకం నిజమని ఎవరైనా ఒప్పుకోవాలంటే తర్కం సరిపోదని, దాన్ని బతికి చూపే ఒక సంఘం కళ్లముందు ఉండాలని. దక్షిణ భారత పల్లె సంఘాల్లో దశాబ్దాలు గడిపిన మనిషి మాటగా దీన్ని తీసుకోవాలి.

ఆ మాటను మన సంఘాల ముందు పెడితే ప్రశ్న కష్టమవుతుంది. గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కటై నీళ్లలోకి దిగినవాళ్ల వారసులు ఈనాడు చాలాచోట్ల మాల, మాదిగ లెక్కలతో సంఘ ఎన్నికలు నడుపుతున్నారు. ఆ తగాదాలు కోర్టుల దాకా వెళ్తున్నాయి. అలాంటి ఒక పల్లె కుర్రాడు యూట్యూబులో ఇంకో బోధకుణ్ణి వెతుక్కుంటుంటే ఆధునికోత్తర భావాలే అతన్ని చెడగొట్టాయని సంఘ పెద్దలు ఉపదేశం చేస్తారు. అతను ఏ తత్త్వవేత్తనూ చదవలేదు. కిందటిసారి సంఘ ఎన్నికల్లో వాళ్ల నాన్నకు ఏం జరిగిందో చూశాడు.